డార్మ్‌లో వైరస్ మొదలైతే ఫుట్‌బాల్ సీజన్ ఆగిపోతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు అమెరికాలో ఒక పెద్ద ఫుట్‌బాల్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నారు, గేమ్ ఉన్న శనివారాలు స్టేడియంలో ఫుడ్ స్టాండ్ దగ్గర పని చేస్తారు. సెమిస్టర్ మొదలై రెండు వారాలు కాకముందే అండర్‌గ్రాడ్ డార్మ్‌లలో, అంటే విద్యార్థుల హాస్టళ్లలో, వైరస్ కేసులు పెరుగుతున్నాయని ఈమెయిల్ వచ్చింది. "ఆటగాళ్లకు వేరే భోజనం, వేరే జిమ్, సొంత డాక్టర్లు ఉంటారు కదా. డార్మ్‌లో వచ్చినదానికీ ఫుట్‌బాల్‌కీ ఏం సంబంధం? 2020లో లాగా మళ్లీ ఆపేస్తారా? నవంబర్ షిఫ్టులకు ఇప్పుడే పేరు ఇవ్వాలా, వద్దా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. సీజన్ మొత్తం ఆగిపోయే అవకాశం ఇప్పుడు చాలా తక్కువ. కానీ ఒకటి రెండు గేమ్‌లు వాయిదా పడటానికో, పూర్తిగా పోవడానికో, జట్టు అరకొరగా దిగడానికో క్యాంపస్‌లో ఒక్క వారం జోరుగా పాకితే చాలు. ఎంతమందికి సోకిందన్న లెక్క చూసి అందరూ కంగారు పడతారు. నేనైతే జట్టులో ఎవరికి సోకింది, అది వారంలో ఏ రోజు బయటపడింది, షెడ్యూల్లో ఖాళీ శనివారం మిగిలి ఉందా అని చూస్తాను.

నేను మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీ స్టూడెంట్ హెల్త్ విభాగంలో పదమూడేళ్లుగా అంటువ్యాధుల పని చూస్తున్నాను. మాది తెనాలి దగ్గర పల్లె. ఫుట్‌బాల్ అంటే ఏమిటో ఇక్కడికొచ్చాకే తెలిసింది. 2020లో మాత్రం ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా పొద్దున లేస్తే ఫుట్‌బాల్, రాత్రి పడుకోబోతే ఫుట్‌బాల్. పాజిటివ్ వచ్చిన పిల్లలకు ఫోన్ చేసి, ఎవరెవరితో తిరిగారో అడిగి రాసుకోవడం నా పని.

ఆట తెలియనివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. ఇది అమెరికన్ ఫుట్‌బాల్, మన దగ్గర ఫుట్‌బాల్ అనే సాకర్ కాదు. మైదానంలో ఒక్కో వైపు 11 మందే ఉన్నా జట్టులో వంద మందికి పైనే ఉంటారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్, అతన్ని కాపాడే అఫెన్సివ్ లైన్, ఎదుటివాళ్లను నిలువరించే డిఫెన్సివ్ లైన్, బంతిని తన్నే కిక్కర్, ఇలా ఎవరి పని వాళ్లదే. క్రికెట్లో వికెట్ కీపర్‌కు దెబ్బ తగిలితే ఇంకొకరు గ్లవ్స్ తొడుక్కుని నిలబడొచ్చు. ఇక్కడ 140 కిలోల లైన్‌మన్ జాగాలో 85 కిలోల కుర్రాడిని నిలబెడితే, ఓడిపోవడం సంగతి అటుంచండి, ఆ కుర్రాడి మెడకే ప్రమాదం. అందుకే వంద మందిలో ఎనభై మంది బాగున్నా గేమ్ జరగకపోవచ్చు.

జట్టు క్యాంపస్‌కు దూరంగా ఉండదు

మీ ప్రశ్నలో నేను ఒప్పుకోలేని మాట ఇదొక్కటే. ఆటగాళ్లకు వేరే భోజనశాల ఉంటుంది, నిజమే. కానీ వాళ్లూ పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు. క్లాసుకు వెళ్తారు, ట్యూటర్ దగ్గర కూర్చుంటారు, డార్మ్‌లో గర్ల్‌ఫ్రెండ్ ఉంటుంది, పక్క అపార్ట్‌మెంట్‌లో హైస్కూల్ స్నేహితుడు ఉంటాడు. ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ వాళ్లు 2020లో ఫ్లోరిడాలో అందరినీ ఒకచోట మూసిపెట్టి సీజన్ పూర్తి చేశారు. విద్యార్థులను అలా మూసిపెట్టడం ఏ యూనివర్సిటీకీ కుదరదు. వాళ్లకు జీతం కూడా ఇవ్వని రోజులవి.

2020 అక్టోబర్‌లో ఒక బుధవారం సాయంత్రం నేను చేసిన ఫోన్ చెప్తాను. పొద్దున పరీక్షలో పాజిటివ్ వచ్చిన ఒక అఫెన్సివ్ లైన్ కుర్రాడు. ఒళ్లు నొప్పి లేదు, దగ్గు లేదు. మాస్క్ ఎప్పుడూ తీయలేదన్నాడు, మీటింగుల్లో దూరంగానే కూర్చున్నానన్నాడు. నేను నమ్మాను, ఎందుకంటే అది నిజమే. తర్వాత మామూలుగా అడిగే ప్రశ్న అడిగాను. "ఆదివారం రాత్రి భోజనం ఎక్కడ చేశావు?" కాసేపు మాట లేదు. రూమ్మేట్ పుట్టినరోజు అట. వాళ్లమ్మ కేక్ చేసి పంపిందట. నలుగురు ఒకే సోఫాలో ఇరుక్కుని మూడు గంటలు ఒకే లాప్‌టాప్‌లో పాత గేమ్ వీడియో చూశారు. ఆ నలుగురూ అఫెన్సివ్ లైన్ వాళ్లే, ఇద్దరు మొదటి పదకొండు మందిలో ఉన్నవాళ్లు. పొద్దస్తమానం కలిసి ప్రాక్టీస్ చేసేవాళ్లు కాబట్టే స్నేహితులయ్యారు, స్నేహితులు కాబట్టే ఒకే ఇంట్లో అద్దెకు దిగారు. వాళ్లలో ఒకడి గర్ల్‌ఫ్రెండ్ ఉండే డార్మ్ అంతస్తులో ఆ వారం తొమ్మిది కేసులు. ఆ అమ్మాయికి ఒంట్లో ఏమీ లేదు. డార్మ్ నుంచి లైన్ దాకా వైరస్ నాలుగైదు రోజుల్లో వచ్చేసింది.

ఆ శనివారం గేమ్ జరగలేదు. ఫోన్ పెట్టేముందు ఆ కుర్రాడు "నా వల్లే పోయిందా?" అని అడిగాడు. అంత పెద్ద మనిషి గొంతు సన్నగా అయిపోయింది. కాదు నాయనా, ఇది ఎవరికైనా వచ్చేదే అని చెప్పాను. ఆ మాట ఓదార్పుకు చెప్పింది కాదు, ఈ పనిలో నేను నేర్చుకున్న ముఖ్యమైన విషయం. ఒకసారి గేమ్ పోయాక తోటివాళ్లు ఆ నలుగురినీ నిందించారు. ఆ తర్వాత రెండు వారాలు మాకు ఎవరూ సరిగా సమాధానం చెప్పలేదు. "ఒక్కడినే తిన్నాను", "గదిలోనే ఉన్నాను". గొంతు నొప్పి ఉన్నా గురువారం దాకా దాచేవాళ్లు. నింద పెరిగినకొద్దీ దాపరికం పెరుగుతుంది, దాపరికం పెరిగితే ఒక గేమ్‌తో పోయేది రెండు గేమ్‌లకు పాకుతుంది.

మైదానంలో ఒకరి మీద ఒకరు పడి ఆడతారు కదా, అక్కడే ఎక్కువ అంటుకుంటుందని అందరూ అనుకుంటారు. మేం చూసినంతలో అంటుకున్నది ఎక్కువగా తిండి దగ్గర, కారులో, గదిలో. ఒక్కో ప్లే, అంటే ఆటలో ఒక్కో విడత, కొన్ని సెకన్లే, అదీ ఆరుబయట. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో నోటర్‌డేమ్ జట్టులో కేసులు పేలి వేక్ ఫారెస్ట్‌తో గేమ్ ఆగిపోయినప్పుడు, ఆటకు ముందు అందరూ కలిసి కూర్చుని తిన్న భోజనం దగ్గరే అది పాకిందని వాళ్ల కోచ్ చెప్పారు. నాకు ఆశ్చర్యం కలగలేదు.

కేసుల సంఖ్య చూసి జోస్యం చెప్పకండి

2020 ఆగస్టులో నార్త్ కరోలినా యూనివర్సిటీ, చాపెల్ హిల్‌లో క్లాసులు మొదలుపెట్టి, వారం తిరిగేసరికి డార్మ్‌లలో కేసులు గుంపులు గుంపులుగా వచ్చి, అండర్‌గ్రాడ్ చదువంతా ఆన్‌లైన్‌కు మార్చేశారు. పిల్లలు పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు. అయినా ఫుట్‌బాల్ జట్టు సెప్టెంబర్ 12న ఆడింది. డార్మ్‌లు ఖాళీ అయ్యాక జట్టును కాపాడుకోవడం ఇంకా సులువైంది కూడా. చదువుకోవడానికి క్యాంపస్ సురక్షితం కాదని చెప్పి, ఆడటానికి మాత్రం పిల్లలను ఉంచడం న్యాయమా అన్న ప్రశ్న అప్పుడు చాలామంది అడిగారు. నేనూ అడిగాను. ఇప్పటికీ నాకది బాధగానే ఉంది.

అలబామా యూనివర్సిటీలో అదే ఆగస్టులో క్లాసులు మొదలైన పది పన్నెండు రోజుల్లోనే వెయ్యి మందికి పైగా విద్యార్థులకు సోకింది. టస్కలూసా మేయర్ బార్లు మూయించారు. ఆ సీజన్ చివర ఛాంపియన్ ఎవరో తెలుసా? అదే అలబామా. ఒక్క గేమ్ కూడా ఓడిపోకుండా, 2021 జనవరి 11న ఒహాయో స్టేట్‌ను 52-24తో ఓడించి గెలిచింది. ప్రధాన కోచ్ నిక్ సేబన్‌కు నవంబర్ చివర్లో పాజిటివ్ వచ్చి, ఆబర్న్‌తో ఏటా జరిగే పెద్ద గేమ్‌కు మైదానానికి రాలేకపోయారు. అయినా జట్టు గెలిచింది. అంటే క్యాంపస్‌లో వెయ్యి కేసులున్నా జట్టు నిలబడొచ్చు, ఇరవై కేసులే ఉన్నా జట్టు కూలిపోవచ్చు.

కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీ సంగతి చూడండి. 2020 నవంబర్ 7న వాషింగ్టన్‌తో మొదటి గేమ్. పాజిటివ్ వచ్చింది ఒక్క ఆటగాడికే. కానీ అతనికి దగ్గరగా మెలిగినవాళ్లంటూ డిఫెన్సివ్ లైన్‌ను క్వారంటైన్‌లో పెట్టాల్సి వచ్చింది. లైన్ లేకుండా ఆట లేదు, గేమ్ రద్దు. జట్టును కుప్పకూల్చేది రోగుల సంఖ్య కంటే వాళ్ల చుట్టూ తిరిగినవాళ్ల సంఖ్య. అప్పటి నిబంధన ప్రకారం ఆరడుగుల లోపు, మొత్తం పదిహేను నిమిషాలు గడిపితే దగ్గరి కాంటాక్ట్. పాజిటివ్ వచ్చినవాడి కంటే, ఏ జబ్బూ లేని వాడి స్నేహితుడే ఎక్కువ రోజులు గదిలో కూర్చోవాల్సి వచ్చేది, రోగికి 10 రోజులు, కాంటాక్ట్‌కు 14 రోజులు. పిల్లలకు ఇది ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు.

కాన్ఫరెన్స్ అంటే తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల కూటమి. దక్షిణాది జట్లుండే ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ దీన్ని ముందే ఊహించి ఒక లెక్క పెట్టింది. స్కాలర్‌షిప్ ఆటగాళ్లు కనీసం 53 మంది, వాళ్లలో అఫెన్సివ్ లైన్ వాళ్లు ఏడుగురు, డిఫెన్సివ్ లైన్ వాళ్లు నలుగురు, క్వార్టర్‌బ్యాక్ ఒకరు ఉంటేనే ఆడాలి, అంతకు తగ్గితే వాయిదా అడగొచ్చు. ఆ లెక్కలో కిక్కర్ లేడు. వాండర్‌బిల్ట్ జట్టుకు అక్కడే దెబ్బ తగిలింది. నవంబర్ 28న మిస్సోరీతో గేమ్‌కు కిక్కర్లంతా క్వారంటైన్. అదే యూనివర్సిటీ అమ్మాయిల సాకర్ జట్టు గోల్‌కీపర్ సారా ఫుల్లర్‌ను పిలిచారు. ఆమె వచ్చి రెండో సగం మొదట్లో బంతిని తన్నింది. పెద్ద ఐదు కాన్ఫరెన్స్‌ల ఫుట్‌బాల్ గేమ్‌లో ఆడిన మొదటి మహిళ ఆమె. ఆ గేమ్ నేను ఇంట్లో కూర్చుని చూశాను. కళ్లు చెమర్చాయి.

బుధవారం పాజిటివ్ వస్తే ఎన్ని శనివారాలు పోతాయి?

కాలేజీ ఫుట్‌బాల్ అంతా శనివారం చుట్టూ తిరుగుతుంది. శనివారం గేమ్, ఆ రాత్రి పార్టీ, ఆదివారం విశ్రాంతి, మంగళ బుధవారాలు గట్టి ప్రాక్టీస్. 2020 నాటి కోవిడ్ శరీరంలోకి వచ్చాక బయటపడటానికి నాలుగైదు రోజులు పట్టేది. శనివారం రాత్రి అంటుకున్నది సరిగ్గా బుధవారానికి పరీక్షలో కనబడేది, లక్షణాలకు రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించేది కూడా. అంటే అందరూ దగ్గరదగ్గరగా ఉండే మంగళ బుధవారాల్లోనే అది పాకుతుంది.

మిడ్‌వెస్ట్ జట్లుండే బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఆ ఏడాది ఆగస్టు 11న సీజన్ వాయిదా వేసి, సెప్టెంబర్ 16న మనసు మార్చుకుని, అక్టోబర్ చివర్లో మొదలుపెట్టింది. రోజూ పరీక్ష. పాజిటివ్ వచ్చినవాడు గేమ్ ఆడటానికి కనీసం 21 రోజులు ఆగాలి. బుధవారం పాజిటివ్ వస్తే మూడు శనివారాలు పోయినట్టే. ఎనిమిది గేమ్‌ల సీజన్లో మూడు! డిసెంబర్‌లో దాన్ని 17 రోజులకు తగ్గించారు. ఇక జట్టు పరీక్షల్లో పాజిటివ్‌లు 5 శాతం దాటి, జట్టు మొత్తంలో సోకినవాళ్లు 7.5 శాతం దాటితే కనీసం ఏడు రోజులు ప్రాక్టీస్ కూడా బంద్.

21 రోజులు ఎందుకు? గుండె కోసం. వైరస్ తగ్గాక కొందరిలో గుండె కండరం వాస్తుంది, దాన్నే మయోకార్డైటిస్ అంటారు. ఆ స్థితిలో గట్టిగా పరిగెత్తితే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు. ఒహాయో స్టేట్ వాళ్లు 2020లో 26 మంది ఆటగాళ్లకు ఎమ్మారై తీస్తే నలుగురిలో ఆ ఛాయలు కనిపించాయి. అది చూసి అందరికీ టెన్షన్ పట్టుకుంది. తర్వాత బిగ్ టెన్ మొత్తం మీద 1,597 మందిని చూస్తే 37 మందిలో, అంటే 2.3 శాతంలో తేలింది. మొదట భయపడినంత లేదు, పట్టించుకోకుండా వదిలేసేంత తక్కువా కాదు. ఇప్పటికీ ఏ వైరస్ జ్వరం తర్వాతైనా ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ ఉంటే ఆటగాడిని డాక్టర్ చూడకుండా మైదానంలోకి పంపకూడదని నేను పట్టుబడతాను. ఇది ఆటగాళ్లకే కాదు, ఆదివారం క్రికెట్ ఆడే మన పిల్లలకూ వర్తిస్తుంది.

ఖాళీ శనివారం ఉన్నవాడే గట్టెక్కాడు

బిగ్ టెన్ ఆలస్యంగా మొదలుపెట్టడంతో ఎనిమిది వారాల్లో ఎనిమిది గేమ్‌లు ఇరికించాల్సి వచ్చింది, మధ్యలో ఖాళీ లేదు. విస్కాన్సిన్ మొదటి గేమ్ ఘనంగా గెలిచింది. వారం తిరక్కుండానే ఆరుగురు ఆటగాళ్లు, ఆరుగురు సిబ్బంది పాజిటివ్, వాళ్లలో ప్రధాన కోచ్ కూడా ఉన్నారు. నెబ్రాస్కాతో గేమ్ పోయింది, పర్డ్యూతో గేమ్ పోయింది. వాయిదా వేయడానికి జాగా లేక రెండూ రద్దే.

ఎస్‌ఈసీ సెప్టెంబర్ 26న మొదలుపెట్టి, మధ్యలో ఒక ఖాళీ వారం, చివర్లో డిసెంబర్ 12 ఖాళీగా ఉంచుకుంది. ఫ్లోరిడా జట్టులో అక్టోబర్‌లో కేసులు విరుచుకుపడితే ఎల్‌ఎస్‌యూతో (లూసియానా స్టేట్ యూనివర్సిటీతో) గేమ్‌ను ఎత్తి డిసెంబర్ 12న పెట్టారు, అంతే. వైరస్ రెండుచోట్లా ఒకటే. ఒకచోట గేమ్ గల్లంతైంది, ఇంకోచోట తేదీ మారింది.

మన జట్టు శుభ్రంగా ఉన్నా సరిపోదు, గేమ్‌కు ఇద్దరు కావాలి. హ్యూస్టన్ జట్టుకు ఆ ఏడాది ఒకదాని తర్వాత ఒకటి ఐదు గేమ్‌లు చేజారి, మొదటిసారి మైదానంలో దిగేసరికి అక్టోబర్ 8. ఎదుటివాడు ఎప్పుడు తప్పుకుంటాడో తెలియక, దొరికినవాడితో ఆడేసే పద్ధతి కూడా వచ్చింది. డిసెంబర్ 5న కోస్టల్ కరోలినాకు లిబర్టీతో గేమ్. లిబర్టీలో కేసులు వచ్చాయి. ఆ వారంలోనే మాట్లాడుకుని యూటా నుంచి బీవైయూ జట్టు దేశం ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చి ఆడింది. చివరి ప్లేలో ఒక్క గజం దూరంలో ఆగిపోయి 22-17తో ఓడింది. ఆ సీజన్లో అందరూ గుర్తుపెట్టుకున్న గేమ్‌లలో అదొకటి.

ఒహాయో స్టేట్, మిషిగన్ గేమ్ 1918 నుంచి ఏ ఏడూ ఆగకుండా జరుగుతూ వచ్చింది. 2020 డిసెంబర్‌లో మిషిగన్ జట్టులో కేసుల వల్ల ఆగింది. టైటిల్ గేమ్ ఆడాలంటే కనీసం ఆరు గేమ్‌లు ఆడి ఉండాలని బిగ్ టెన్ నిబంధన. ఒహాయో స్టేట్ ఆడింది ఐదే. మర్నాడే నిబంధన ఎత్తేశారు. వైరస్ పాయింట్ల పట్టికలోకి ఎలా దూరుతుందో దీన్నిబట్టి చూడండి. ఎవరు బాగా ఆడారన్న ప్రశ్నతో పాటు ఎవరు ఎన్ని ఆడగలిగారన్న ప్రశ్న కూడా వచ్చి కూర్చుంటుంది, ఎవరికో ఒకరికి అన్యాయం జరిగినట్టే అనిపిస్తుంది.

కోవిడ్ ఒక్కటే కాదు

మీ ఈమెయిల్లో ఏ వైరస్ అని ఉందో చూసుకోండి. ఒక్కో వైరస్‌ది ఒక్కో క్యాలెండర్.

సీజన్ మొత్తం పోయిన అసలైన ఉదాహరణ కోవిడ్ కంటే యాభై ఏళ్ల ముందుది, మా క్లాసుల్లో తప్పకుండా చెప్పే కథ. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో హోలీ క్రాస్ కాలేజీ. 1969 ఆగస్టు 29, మంచి ఎండ. ప్రాక్టీస్ మైదానం పక్కనున్న కుళాయి దగ్గర ఆటగాళ్లు దప్పిక తీర్చుకున్నారు. అదే సమయంలో దగ్గర్లో ఎక్కడో ఇల్లు అంటుకుంటే ఫైరింజన్లు నీళ్లు తోడాయి, పైపులో ఒత్తిడి పడిపోయింది. గడ్డి తడపడానికి నేలలో అమర్చిన గుంటల్లో చుట్టుపక్కల పిల్లలు ఆడుకునేవాళ్లు, వాళ్లలో కొందరికి హెపటైటిస్ ఏ ఉంది. ఒత్తిడి తగ్గగానే ఆ గుంటల్లోని మురికి నీరు పైపులోకి పీల్చుకుపోయింది. ఎవరికీ ఏమీ తెలియదు, ఎవరి తప్పూ లేదు. హెపటైటిస్ ఏ బయటపడటానికి సగటున నాలుగు వారాలు. సెప్టెంబర్ చివరికి ఒక్కొక్కరూ నీరసపడి, కళ్లు పచ్చబడ్డాయి. జట్టులో, సిబ్బందిలో కలిపి 97 మందిలో 90 మందికి సోకింది. రెండు గేమ్‌లు ఆడాక సీజన్ రద్దు. క్యాంపస్‌లో మిగతావాళ్లు బాగానే ఉన్నారు.

నోరోవైరస్‌ది పూర్తిగా ఎదురు లెక్క. పన్నెండు నుంచి నలభై ఎనిమిది గంటల్లో వాంతులు, విరేచనాలు, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. సీజన్‌ను ఆపదు, ఒక శనివారాన్ని నాశనం చేస్తుంది. 1998లో నార్త్ కరోలినా రాష్ట్రానికి చెందిన జట్టు ఒకటి ఫ్లోరిడాలో ఆడబోయే ముందు తిన్న బాక్స్ లంచ్ శాండ్‌విచ్‌ల వల్ల చాలామందికి పట్టుకుంది. అయినా ఆడారు. ఆ లంచ్ ముట్టుకోని ఎదుటి జట్టు ఆటగాళ్లలో కొందరికి కూడా తర్వాత వచ్చింది. మైదానంలోనే ఒకరి నుంచి ఒకరికి అంటిందని 2000లో వైద్య పత్రికలో వచ్చింది. కోవిడ్ గురించి పైన చెప్పిన మాట నోరోకు వర్తించదు. ఇది చేతుల మీద, బంతి మీద, జెర్సీ మీద ప్రయాణిస్తుంది.

గవదబిళ్లలు, అంటే మంప్స్, ఇంకో రకం. బయటపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి నెమ్మదిగా సెమిస్టరంతా సాగుతుంది. 2014లో ఒహాయో స్టేట్ క్యాంపస్‌లో వచ్చింది. ఇక్కడ మన పిల్లలకు ఒక మాట. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో మీజిల్స్, రుబెల్లా ఉన్నాయి, మంప్స్ లేదు. ప్రైవేటుగా ఎమ్మెమ్మార్ (మీజిల్స్, మంప్స్, రుబెల్లా మూడూ కలిపిన టీకా) వేయించుకోని వాళ్లు చాలామందే. ఇక్కడి యూనివర్సిటీలు చాలావరకు రెండు డోసుల కాగితం అడుగుతాయి. కాగితం లేనివాళ్లను క్యాంపస్‌లో మంప్స్ వస్తే క్లాసులకు రావద్దనే అవకాశం ఉంది. ఒక్క డోసే వేయించుకుని వచ్చి ఉంటే స్టూడెంట్ హెల్త్‌లో రెండోది వేయించుకోండి.

మరి ఇప్పుడు?

2020తో పోలిస్తే ఇప్పుడు పరిస్థితి వేరు. అందరికీ రోజూ పరీక్షలు లేవు, ఆరోగ్యంగా ఉన్న కాంటాక్టులను గదిలో పెట్టే పద్ధతి లేదు. 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కోవిడ్‌కు ఐదు రోజుల ఐసోలేషన్ సలహా కూడా తీసేసింది. జ్వరం తగ్గి, మందు వేసుకోకుండా 24 గంటలు గడిచి, లక్షణాలు మెరుగవుతుంటే బయటికి రావచ్చు, తర్వాత ఐదు రోజులు జాగ్రత్తగా ఉండాలి. అంటే బుధవారం జ్వరం వచ్చినవాడు శనివారానికి తేరుకోవచ్చు. జట్టును కూల్చిన క్వారంటైన్ లెక్కే లేకపోయాక, నిజంగా మంచం పట్టినవాళ్లే దూరమవుతారు.

కానీ పూర్తిగా నిశ్చింతగా ఉండమని చెప్పను. టీకాలు వచ్చాక, 2021 డిసెంబర్‌లో ఒమిక్రాన్ పాకినప్పుడు సీజన్ చివరి బౌల్ గేమ్‌లు వరసగా పోయాయి. హవాయి బౌల్, మిలిటరీ బౌల్, ఫెన్‌వే బౌల్ రద్దయ్యాయి. శాన్‌డియాగోలో హాలిడే బౌల్‌కు జనం ఊళ్లోకి దిగాక, గేమ్‌కు కొన్ని గంటల ముందు యూసీఎల్‌ఏ తప్పుకుంది. గేటర్ బౌల్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్ వదులుకుంటే రట్గర్స్‌ను పిలిచి ఆడించారు. డిసెంబర్‌లోనే ఎందుకు? గాయాలతో, బదిలీలతో అప్పటికే జట్టు పలచబడి ఉంటుంది, వాయిదా వేయడానికి తర్వాత ఇంకో శనివారం ఉండదు. అందుకే సెప్టెంబర్‌లో పది కేసుల కంటే నవంబర్ చివర్లో ఐదు కేసులకు నేను ఎక్కువ భయపడతాను.

ఇక మీ షిఫ్టుల సంగతి. పేరు ఇచ్చేయండి. 2020లో బిగ్ టెన్ స్టేడియాల్లోకి మామూలు ప్రేక్షకులను రానివ్వలేదు, లక్ష మంది పట్టే చోట ఆటగాళ్ల కుటుంబాలు తప్ప మనుషుల్లేరు, ఫుడ్ స్టాండ్లన్నీ మూతపడ్డాయి. స్టాండ్ డబ్బులతో సరుకులు కొనుక్కునే మన పిల్లలు కొందరు నా దగ్గరికొచ్చి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ పాంట్రీ ఎక్కడుందని అడిగారు. అలాంటి రోజులు ఇప్పుడు కనుచూపు మేరలో లేవు. అయినా స్టేడియం షిఫ్టుల మీదే నెల అద్దె పెట్టుకోకండి. సీజన్లో సొంత మైదానంలో జరిగేవి ఆరేడు గేమ్‌లే, ఒకటి పోయినా లెక్క తప్పుతుంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద క్యాంపస్‌లో పని చేయనిచ్చే వారానికి 20 గంటల్లో లైబ్రరీలోనో డైనింగ్‌లోనో కొన్ని గంటలు అట్టిపెట్టుకోండి. గేమ్ ఆగితే ఆ లోటు ఏ క్యాష్ ఉద్యోగంతోనో పూడ్చుకుందామని మాత్రం అనుకోవద్దు, వీసాకే ముప్పు.

ఈ వారం మీ క్యాంపస్‌లో వచ్చింది నోరో అయితే అసలు జాగ్రత్త పడాల్సింది ఆటగాళ్ల కంటే మీరు. స్టాండ్‌లో హాట్‌డాగ్ అందించే ఒక్క చెయ్యి వందల మందికి పంచగలదు. శానిటైజర్ దాని మీద సరిగా పనిచేయదు, సబ్బుతో ఇరవై సెకన్లు కడుక్కోవాలి. వాంతులో విరేచనాలో అయితే, అవి పూర్తిగా ఆగాక కూడా 48 గంటలు తిండి పనికి వెళ్లొద్దు. శుక్రవారం మధ్యాహ్నం కడుపు తేడాగా అనిపించినా "చూద్దాంలే" అనుకోకుండా అప్పుడే సూపర్‌వైజర్‌కు మెసేజ్ పెట్టండి, శనివారం పొద్దున్నే మీ బదులు మనిషిని వెతుక్కోవడం వాళ్లకు కష్టం. ఈమెయిల్లో వైరస్ పేరు లేకపోతే దాన్ని ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.